బొటనవేలు మేడమ్

ఆమె కోపం ముందు సుద్దముక్కకి తెలిసేది. బోర్డు మీద పెట్టి నొక్కితే ముక్క విరిగి, తెల్లటి పొడి మణికట్టు మీద రాలేది.

క్రీడల శిక్షణ కేంద్రంలో ఆమె ఇంగ్లిష్ టీచరు. తరగతి గది జిమ్‌కి ఆనుకునే ఉండేది. గోడ అవతల బరువులు దబ్బున పడ్డప్పుడల్లా కిటికీ అద్దం వణికేది. ఆ వణుకు మధ్యే, చెమట వాసన మధ్యే, పిల్లలకి కండరం పేరు, కీలు పేరు, అలసట పేరు ఇంగ్లిష్‌లో నేర్పాలి. గాయాలు చూడటానికి నెలకోసారి వచ్చే ఫిజియోకి వీళ్ల భాష రాదు. పాఠాలన్నీ ఆయనతో మాట్లాడటానికే.

"నాలుగు ముక్కలు బట్టీ పట్టించండి చాలు మేడమ్. మిగతాది నేను చెప్పుకుంటాను," అన్నాడు కోచ్.

ఆమె బట్టీ పట్టించలేదు. ఒళ్లు ముట్టుకోకుండా మాట పలకకూడదని ఆమె తరగతిలో నియమం. టెండన్ అనాలంటే వంగి మడమ పైన బొటనవేలు ఆనించాలి. హామ్‌స్ట్రింగ్ అంటే తొడ వెనక. అందుకే పిల్లలు ఆమెకి బొటనవేలు మేడమ్ అని పేరు పెట్టారు.

"మరి మెదడైతే ఎక్కడ ముట్టుకోవాలి మేడమ్?" అన్నాడోసారి ఈటె విసిరేవాడు.

"ఉన్నవాళ్లు ముట్టుకుంటార్లే. నువ్వు కూర్చో."

ఫిజియో వచ్చిన రోజు అందరూ వరండాలో వరసగా నిలబడ్డారు. కోచ్ ఆయన భుజం పక్కనే ఉన్నాడు. ఎప్పుడూ అంతే, ప్రశ్న పిల్లలకి, జవాబు కోచ్‌ది. ఈసారి ఫిజియో ఒక్కొక్కరినీ సూటిగా అడిగాడు, నొప్పి పదికి ఎంత అని.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పదికి పది వస్తే మెచ్చుకోలు, ఒకటి వస్తే చెవి మెలిపెట్టడం. ఏ నొప్పీ లేనివాళ్లు ఛాతీ విరుచుకుని "టెన్ సార్" అన్నారు. లాంగ్‌జంప్ పిల్ల వంతు వచ్చింది. అందరూ మిడత అని పిలిచే ఆ పిల్ల మడమ పొద్దుటి నుంచీ పొంగి ఉంది. తల వంచుకుని, పరీక్ష తప్పినదానిలా "వన్" అంది.

ఫిజియో అయోమయంగా చూశాడు. కోచ్ నవ్వి, అందరూ బాగానే ఉన్నారని ఆయనకి చెప్పి, ముందుకి తీసుకుపోయాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన టీచరు మిడతని పక్కకి పిలిచింది.

"పొద్దున కాలు కింద పెట్టలేనన్నావు కదే. ఒకటి అన్నావేం?"

"సున్నా అందామనుకున్నా మేడమ్. మరీ సిగ్గేసింది."

టీచరుకి నవ్వు రాలేదు. తిన్నగా కోచ్ గదికి వెళ్లింది.

"పిల్లలు మార్కులనుకున్నారని మీకు తెలుసు సార్."

"తెలుసు. పోటీలు నెత్తి మీదున్నాయి. దూకేది అదొక్కతే. దానికి కుంటిసాకులు నేర్పకండి."

"ఆ పిల్ల కుంటుతోంది. అది సాకు కాదు."

"మీ పని మీరు చూసుకోండి మేడమ్."

ఆ సాయంత్రం టీచరు వంటింట్లో గిన్నెలు మోగాయి. ఆమె అక్క గుమ్మంలోంచి తొంగిచూసింది. "అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నీకు అత్త కూడా లేదు కదే, ఎవరి మీద ఇదంతా?"

"తన కాలు నొప్పెడుతోందని చెప్పుకోవడానికి ఒకరి అనుమతి కావాలటక్కా."

అక్క లోపలికి వచ్చింది. చెల్లెలి చేతుల్లోంచి గాజుగ్లాసులు తీసేసుకుంది.

మర్నాడు టీచరు గోడ పొడవునా ఉన్న బోర్డు మీద ఒక గీత గీసింది. ఒక చివర సున్నా, ఇంకో చివర పది. "ఇవి మార్కులు కావు. మంట. మీ మంట ఎంతో మీకే తెలుసు. ఇంకెవరికీ తెలీదు," అంది. ఒక్కొక్కరూ వచ్చి తమ నొప్పి ఉన్నచోట నిలబడ్డారు. మిడత నడిచి నడిచి దాదాపు చివరికి వెళ్లి ఆగింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

మళ్లీ ఫిజియో వచ్చాడు. మళ్లీ అదే వరండా. మిడత ముందుకి రాగానే కోచ్ అందుకున్నాడు. "షి ఈజ్ ఫైన్."

"కాలు తనది సార్," అంది టీచరు వరస వెనక నుంచి. "నోరూ తనదే. మాట్లాడనివ్వండి."

కోచ్ మొహం కందగడ్డయింది. మిడత వంగింది. బొటనవేలు మడమ పైన ఆనించింది.

"టెండన్. షార్ప్ పెయిన్. మార్నింగ్. జంప్." ఒక్క క్షణం ఆగి, "నైన్," అంది.

ఫిజియో మోకాళ్ల మీద కూర్చుని ఆ చోట మెల్లగా నొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఈ పోటీలకి దూకడం లేదు.

మధ్యాహ్నం మిడత కుంటుకుంటూ తరగతి గదికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నోరిచ్చి కాళ్లు లాక్కున్నారు మేడమ్. ఊరుకుని ఉంటే దూకేదాన్ని."

"దూకేదానివి. ఒక్కసారి."

"ఆ ఒక్కసారీ నాది కదా."

టీచరు మిడత ఎదుటికి వచ్చింది. "కోపం నా మీద చూపించు. ఎంత కావాలంటే అంత. మడమ మీద చూపించకు," అంది.

మిడత వెనక బెంచీలో కూలబడింది. గోడ అవతల బరువులు పడుతున్నాయి. అద్దం వణికి, ఆగి, మళ్లీ వణికింది. ఆ పిల్ల తలెత్తకుండానే అడిగింది.

"మళ్లీ ఎప్పుడు దూకొచ్చో ఆయన్ని అడగాలంటే ఏమనాలి? కోచ్ సార్‌తో అడిగించుకోమనకండి. నేనే అడుగుతా."

టీచరు సుద్దముక్క అందుకుంది. మొదటి అక్షరానికే అది విరిగింది. చేతిలో మిగిలిన సగంతోనే రాసింది.