డిమైజ్ అంటే చావొక్కటే కాదట!

ఈ రోజు మా చిన్నమ్మను అనవసరంగా ఏడిపించాను.

కవాడిగూడలో ఆమెకు బట్టలు కుట్టే చిన్న కిరాయి దుకాణం ఉంది. ఆ మడిగె ఓనరు ఏదో కాగితం పంపాడు. అంతా ఇంగ్లీషు. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నవాణ్ణి కదా, చదివి చెప్పమని నాకిచ్చింది. ఆ మడిగెను ‘డిమైజ్’ చేశామని అందులో రాసి ఉంది. నాకు తెలిసిన డిమైజ్ అంటే మరణమే. ఆ మాటకు అర్థం చావనీ, అంటే మడిగె పని అయిపోయిందనీ, ఖాళీ చేయమంటున్నారనీ చెప్పేశాను. చిన్నమ్మ మిషను ముందే కూలబడి ఏడ్చింది.

అయినా ఎందుకో అనుమానం వచ్చి, నారాయణగూడలో కోర్టు కాగితాలు టైపు చేసే ఒక పెద్దాయన దగ్గరికి ఆమెను తీసుకెళ్లాను. ఆయన కాగితమంతా నిదానంగా చదివి నవ్వారు.

“పరేషాన్ గాకు తల్లీ. పాత కోర్టు ఇంగ్లీషుల డిమైజ్ అంటే కిరాయికి ఇచ్చుడు. ఇంకో అయిదేండ్లు మడిగె నీదే.”

“మరి మావోడు సచ్చుడు అన్నడు?” అంది చిన్నమ్మ.

“అదిగూడ అర్థమే బిడ్డా. గని ఈడ గది గాదు.”

ఆమె తనంతట తానే చదువుకునేలా, ఆ మాట పక్కనే పెన్సిలుతో తెలుగులో అర్థం కూడా రాసిచ్చారు. దారి పొడవునా చిన్నమ్మ అదే చదువుకుంటూ నడిచింది. నన్ను తిట్టనందుకు ఆమెకూ, అర్థం చెప్పినందుకు ఆ పెద్దాయనకూ ఈ సాయంత్రం మనసులోనే దండం పెట్టుకున్నాను.

మిమ్మల్ని ఇలా హడలగొట్టిన పాత ఇంగ్లీషు మాటలుంటే చెప్పండి. అర్థం మాత్రం నన్ను అడగొద్దు!