ఎర్గషలీకి పలావు వాసన పడలేదు

మర్గిలాన్ పట్నంలో మా పేటవాళ్లకి పెళ్లి పలావు అంటే ఎర్గషలీ చెయ్యే. పాతికేళ్లుగా గుండిగ ముందు నిలబడ్డ మనిషి. అలాంటివాడికి ఆ వసంతంలో గొర్రె కొవ్వు కాగే వాసన తగిలితే చాలు, డోకు వచ్చేది. పొద్దున లేవగానే నోట్లో పుల్లటి నీళ్లూరేవి. తింటే కడుపు బరువు, తినకపోతే మంట.

భార్య హనీఫా దానిమ్మ తొక్కల కషాయం పట్టింది. బావమరిది ఉప్పేసిన వోడ్కా పోశాడు. పక్కింటి ముసలమ్మ దిష్టి పొగ వేసింది. అయినా తగ్గలేదు.

"సరిగ్గా తాగావా అన్నా?" అన్నాను ఓ రోజు.

"ఏం తాగలేదురా? ఇంక ఆ కాలవ నీళ్లొకటే మిగిలాయి, అవీ పొయ్యి!" అని కసిరాడు.

మా పేట హోల్మత్ కొడుకు పెళ్లిలో పరువు పోయింది. క్యారెట్లు నూనెలో వేయగానే ఎర్గషలీ గరిట వదిలేసి గోడ పక్కకు పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. ఎవడో చూశాడు. పలావు వడ్డించేలోపే ఆ మాట బల్లలన్నిటికీ పాకింది.

"వండినోడే కక్కుకుంటున్నాడంట!"

జనం రొట్టె, టీతో సరిపెట్టుకున్నారు. పలావు పళ్లేలు నింపినవి నింపినట్టే వెనక్కి వచ్చాయి.

"దోషం పలావులో లేదయ్యా, నా కడుపులో ఉంది!" అని ఎర్గషలీ అందరి ముందూ ఓ పెద్ద పిడికెడు నోట్లో పెట్టుకున్నాడు. మింగాడో లేదో, అదీ బయటికొచ్చింది.

"చాలు నాయనా, చాలు. ఇంటికెళ్లు," అన్నాడు హోల్మత్ తల పట్టుకుని.

ఆ తర్వాతి పెళ్లిళ్లన్నీ సోబిర్ అనే వంటవాడికి పోయాయి. అప్పుడు హనీఫా ఎర్గషలీని బలవంతంగా పేట ఆసుపత్రికి లాక్కెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది డాక్టరు ముయస్సర్.

"ఏమీ లేవమ్మా."

"మోకాలి నొప్పికి వేసుకునే బిళ్లల మాటేంటి?" అంది హనీఫా.

"అవి మోకాలికి కదే! కడుపు గురించి అడుగుతుంటే అవెందుకు?"

చలికాలం నుంచి మోకాలి నొప్పి లేచినప్పుడల్లా బజారులో కొన్న బిళ్ల ఒకటి, పరగడుపున చిక్కటి టీతో మింగుతున్నాడు.

"మోకాలికి వెళ్లే బిళ్ల కూడా ముందు కడుపులోనే దిగాలి కదా బాబాయ్. అదే లోపల పుండు చేస్తోంది," అందామె. వాంతిలో రక్తం పడిందా, విరేచనం తారులా నల్లగా అయిందా అని అడిగింది. లేదన్నాడు. "అలా కనబడితే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి, వెంటనే పెద్దాసుపత్రికి పోండి." ఆ బిళ్లలు ఆపించి, కడుపులో పులుపు తగ్గే మందు రాసింది. నీళ్లు గుక్కగుక్కగా తాగమంది, కొవ్వు మానేసి కొద్దికొద్దిగా మెత్తటి అన్నం తినమంది, తిన్న వెంటనే పడుకోవద్దంది.

బయటికి రాగానే ఎర్గషలీ మండిపడ్డాడు.

"ఏం తాగాలో ఊరంతా చెప్పారు. ఏం మింగుతున్నావని ఒక్కడైనా అడిగాడా?"

"నేనడిగితే మీరు చెప్పేవారా?" అంది హనీఫా.

నయం కావడం కూడా అతని ఓపికను పరీక్షించింది. కాస్త తెరిపిన పడగానే ఆగలేక వేడి సమోసా తిని, మళ్లీ మంచం పట్టాడు. కడుపు కుదుటపడేసరికి మోకాలు మొరాయించింది. పూతమందు, వేడి కాపడం, ఎత్తు పీట మీద కూర్చుని వండడం ఇప్పుడు అతని బతుకు.

"ఏమన్నా, సింహాసనం దిగవా?" అని కుర్రవాళ్లు ఆటపట్టిస్తే గరిటెత్తుతాడు.

పిలుపులు మళ్లీ వస్తున్నాయి కానీ సగమే. తక్కినవి సోబిర్‌వే. హోల్మత్ ఇప్పటికీ ఎర్గషలీ ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోతాడు. ఎవరైనా కడుపు బాగాలేదంటే మాత్రం ఎర్గషలీ ఎంత పనిలో ఉన్నా కోపంగానే అడుగుతాడు: "ముందు చెప్పు, ఏ బిళ్లలు మింగుతున్నావు?"