మట్టిరంగు ఆకులు

హోసూరు దగ్గరి తళికి కొంచెం ఇవతల ఉన్న ఒక పల్లెలో నేను అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. చేరిన మూడో ఏడు ఒక పెద్దాయన తన మనవడిని మోపెడ్ ముందు నిలబెట్టుకుని మా సెంటరుకు తీసుకొచ్చాడు. పిల్లవాడికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. తల్లి హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోతుంది, తెల్లవారేసరికి కంపెనీ బస్సు ఎక్కాలి. తండ్రి లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. అందుకని పిల్లవాడు తల్లి పుట్టింట్లో, తాత, అవ్వల దగ్గర పెరుగుతున్నాడు.

తాత మోపెడ్ దిగకుండానే నాకు పని అప్పజెప్పాడు.

“టీచరమ్మా, వీనికి అక్షరాలు నేర్పీయండి. బొమ్మలకి కలరు పూసేదంతా వద్దు. అది ఇంటికాడ గోడలకి పూస్తానే ఉండాడు.”

“అక్షరం రాయల్లంటే ముందు చెయ్యి తిరగల్ల కదప్పా,” అన్నాను.

ఆయన నా మాట నమ్మినట్టు లేదు. తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. పిల్లవాడు గుమ్మం దగ్గరే మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.

వాడు క్రేయాన్‌ను రోకలి పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకునేవాడు. భుజం మొత్తం కదిపి గీసేవాడు. గీత కాగితం దాటి చాప మీదికి, చాప దాటి పక్క పిల్ల గౌను మీదికి పోయేది. ఎన్నిసార్లు వేళ్ళు సరిచేసి పెట్టినా మళ్ళీ పిడికిలే. ఒకరోజు పొడుగు క్రేయాన్లన్నీ మిగతా పిల్లలు తీసేసుకుంటే, వాడికి గోరంత ముక్కలే మిగిలాయి. ఆ ముక్క పిడికిట్లో ఇమడదు. వేరే దారిలేక బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మూడూ కలిపి పట్టుకున్నాడు. నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పని సంగతి అది. మరునాటి నుంచి నేనే ముక్కలు ఏరి, ఒక పెట్టెలో ఎప్పుడూ ఒకే వరసలో సర్ది వాడికి ఇచ్చేదాన్ని.

నెలలు గడిచేకొద్దీ ఆ చేతిలో మార్పు కనిపించింది. మొదట గీతలు కాగితంలో నిలిచాయి, తర్వాత బొమ్మలో నిలిచాయి. ఒకరోజు చొక్కా గుండీ తనే పెట్టుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా నా ముందు అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. అన్నం కింద పడకుండా తినడం మొదలుపెట్టాడు. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చినవి వాడి మాటలు. ఊరికే కూర్చున్నప్పుడు నోరు విప్పని పిల్లవాడు రంగు వేసేటప్పుడు మాత్రం తనలో తాను మాట్లాడుకునేవాడు.

“ఇది మా ఆవు. దీనికి జరం వచ్చింది. అందుకే పండుకోని ఉండాది.”

నేను గీసిచ్చిన ఆవు నిలబడే ఉంది. అయినా వాడు చెప్పాక చూస్తే నాకూ దానికి ఒంట్లో బాగాలేనట్టే తోచింది.

వానాకాలంలో ఒకరోజు మా సెంటరు కప్పు కారింది. వంట చేసే ఆయమ్మ సామాన్లన్నీ హడావుడిగా లోపలికి జరుపుతూ వాడి క్రేయాన్ల పెట్టె జారవిడిచింది. ఏరి మళ్ళీ పెట్టెలో పెట్టింది కానీ, ఏది ఎక్కడ ఉండాలో ఆమెకేం పట్టింపు? ఆ రోజు నేను పిల్లలందరికీ టమాటా చెట్టు బొమ్మ గీసిచ్చాను. మా చుట్టుపక్కల టమాటా పెట్టని ఇల్లు లేదు, ప్రతి పిల్లకీ తెలిసిన చెట్టు.

వాడు ఎప్పటిలాగే శ్రద్ధగా, గీత దాటకుండా నింపాడు. పండ్లు పచ్చగా, ఆకులు మట్టిరంగులో.

నాకు నవ్వొచ్చింది. కాగితం పైకెత్తి అందరికీ చూపించాను.

“చూడండి! ఈ చిన్న రైతు తోటలో ఆకులన్నీ ఎండిపోయినాయి, పండ్లు మాత్రం పండలేదు!”

పిల్లలు పగలబడి నవ్వారు. నేను సరదాకే అన్నాను. వాడు మాత్రం నా చేతిలోని కాగితాన్నీ, పక్క పిల్ల కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. తేడా ఎక్కడుందో వెతుకుతున్న చూపు అది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తన కాగితాన్ని తీసుకుని బోర్లా పెట్టి దాని మీద కూర్చున్నాడు.

మరునాడు క్రేయాన్ ముట్టలేదు. “చెయ్యి నొప్పి” అన్నాడు. ఆ మరునాడు “కాలు నొప్పి” అన్నాడు. రంగుల వేళ అయ్యేసరికి లేచి ఆయమ్మ దగ్గరికి వెళ్ళి పప్పు ఏరుతూ కూర్చునేవాడు. వారం గడిచింది. నాకు లోపల గుచ్చుకోవడం మొదలైంది.

ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక, వాడి తాత ఇంకా రాలేదు. నేను క్రేయాన్లను పాత వరసలో సర్దుతున్నాను. వాడు మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకాడు.

“ఇది పండుకి. ఇది ఆకుకి. ఇది ఆవుకి.”

అన్నీ సరిగ్గానే చెప్పాడు. నాకు ఏదో అనుమానం వచ్చి, వాడు కళ్ళెత్తి చూసేలోగా ఎరుపునూ ఆకుపచ్చనూ అటూ ఇటూ మార్చాను.

“ఇప్పుడు చెప్పప్పా.”

“ఇది పండుకి. ఇది ఆకుకి,” అన్నాడు, మొదటి చోటును, రెండో చోటును చూపిస్తూ.

ఇన్ని నెలలూ వాడు రంగును చూసి వెయ్యలేదు. పెట్టెలో ఏ రంగు ఎక్కడుంటుందో గుర్తు పెట్టుకుని వేశాడు. అంత చిన్న బుర్రతో, ఎవరూ చెప్పకుండా, మాకు తెలియకుండా. అలాంటి పిల్లవాడిని నేను పదిమందిలో నవ్వులపాలు చేశాను.

తాత వచ్చాక సంగతి చెప్పాను. ఆయన ముఖం గట్టిపడింది.

“మా ఇంట్లో అందురి కండ్లూ బాగనే ఉండాయి టీచరమ్మా. పిల్లోడు ఆట్లాడతా ఏదో పూసినాడు. అంతమాత్రానికి ఆస్పత్రి ఏమిటికి?”

తల్లి అలా అనలేదు. ఫోనులోనే ఏడ్చేసింది. “కన్ను పోతుందా అక్కా? నాకు లీవు ఇచ్చేది లేదు. మా నాయనను పంపిస్తాను. మీరూ తోడు పోయిరండి అక్కా, మీకు పుణ్యముంటుంది.”

తెలిసినవాళ్ళు కృష్ణగిరి పెద్దాసుపత్రిలో చూపించమన్నారు. హోసూరులో బస్సు మారి, నేనూ తాతా మధ్యలో పిల్లవాడూ కూర్చున్నాం. శూలగిరి దాటేదాకా తాత నా వైపు తిరగకుండా కిటికీలోంచే చూశాడు. గురుబరపల్లి దగ్గర పిల్లవాడు ఆయన ఒళ్ళో నిద్రపోయాడు. కుందారపల్లి వచ్చేసరికి, ఎండ వాడి ముఖం మీద పడకుండా ఆయన తలపాగా విప్పి కిటికీకి అడ్డం పట్టుకున్నాడు. దిగేదాకా ఆ చెయ్యి దించలేదు.

కళ్ళ డాక్టరమ్మ తెలుగు తెలిసిన మనిషి. పిల్లవాడిని ఎత్తుకుని స్టూలు మీద కూర్చోబెట్టి ఒక పుస్తకం తెరిచింది. పుట నిండా రంగురంగుల చుక్కలు. చుక్కల మధ్యలో వేరే రంగు చుక్కలతో ఒక వంకర దారి.

“బాబూ, ఈ దారి ఎటు పోతా ఉందో వేలు పెట్టి చూపిస్తావా?”

మొదటి పుటలో దారి చివరిదాకా వేలు నడిపాడు. డాక్టరమ్మ భేష్ అంది. రెండో పుటలో వేలు గాలిలో ఆగిపోయింది. వాడు ఆమె ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. మళ్ళీ ఎవరో నవ్వుతారని వాడి భయం.

వెనక నిలబడిన తాత ఉండబట్టలేక ముందుకు వంగాడు.

“ఏమమ్మా, ఆడ ఏమీ లేదు కదా. లేని దారిని పిల్లోడు యాడనుంచి చూపిస్తాడు?”

నాకు ఆ దారి స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. డాక్టరమ్మ పుస్తకం మూయకుండా ఆయన వైపు తిరిగింది. గొంతు చాలా మెత్తగా మార్చుకుంది.

“నిజంగానే కనపడలేదా అయ్యా? ఇట్ల కూర్చోండి.”

పుట తర్వాత పుట తిప్పింది. ఆయన కొన్నిటిలో చెప్పాడు, ఎక్కువ వాటిలో తల అడ్డంగా ఊపాడు. అన్నీ అయ్యాక ఆమె వివరించింది. ఎరుపూ ఆకుపచ్చా వీళ్ళిద్దరికీ విడివిడిగా తెలియవు. పుట్టుకతోనే అంతే. తాత నుంచి కూతురికి వచ్చి, ఆమెలో బయటపడకుండా, ఆమె కొడుకులో బయటపడింది. చూపు తగ్గదు, ముదరదు. మందు లేదు, మందు అవసరమూ లేదు.

“టీచరుకి తెల్సింది కదా, అది మంచిదయ్యింది,” అంది డాక్టరమ్మ. ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను.

బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. పిల్లవాడు బన్ను తింటున్నాడు. తాత చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

“చిన్నప్పుడు మా నాయన టమాటా కొయ్యమంటే కాయా పండూ కలిపి కోసుకొస్తావుంటి,” అన్నాడు మెల్లగా. “వీపు పగలగొట్టేవోడు. కావాలనే జేస్తానని. కండ్లు పెట్టుకోని చూడరా అంటాడు. నేను చూస్తానే ఉంటి కదమ్మా. అందురికీ నా మాదిరే కనపడుతుందని, వాళ్ళు మాత్రం ఏదో తెలివితో కనిపెడతా ఉండారని అనుకుంటి. నాకు ఆ తెలివి లేదనుకుంటి. ఇంత వయసు దాకా అట్లనే అనుకోని ఉండాను.”

ఆయన చేతి మీద చెయ్యి వేశాను. నేను ఆయన మనవడికి చేసింది కూడా అప్పుడే చెప్పాను, కాగితం పైకెత్తిన సంగతి, పిల్లలు నవ్విన సంగతి. ఆయన కోపం చేసుకోలేదు.

“మీరు తెలుసుకున్నారు కదమ్మా. మా నాయన తెలుసుకోకుండానే పోయినాడు.”

బస్సు దిగి, అక్కడ ఉంచిన మోపెడ్ మీద ముగ్గురం వాళ్ళ ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. అవ్వ వాకిట్లో ఎదురుచూస్తోంది. ఆయన మోపెడ్ నిలిపి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నవాడిలా ఆమెకంతా చెప్పాడు. ఆమె కొంగుతో పిల్లవాడి మూతి తుడుస్తూ విన్నది.

“నాకు తెల్సులే,” అంది.

“ఏం తెల్సు?”

“పెండ్లైన ఏడే తెల్సు. నువ్వు పండును ఒత్తి చూసి కోస్తావుంటివి. అందుకే పండు కోసేది నేను పెట్టుకోని, బాక్సులు మోసేది నీకిస్తిని. అడిగితే నీకు యాడ నొప్పి పుడుతుందో అని అడగలేదు.”

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను చెప్పులు వేసుకుని, మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాను. అక్కడ నాకు పని లేదు.

మరునాడు సెంటరులో ఆయమ్మా నేనూ కూర్చుని క్రేయాన్లకు గాట్లు పెట్టాం. ఎరుపుకు ఒక గాటు, ఆకుపచ్చకు రెండు, మట్టిరంగుకు మూడు. పిల్లవాడిని పిలిచి చేతిలో పెట్టాను. వాడు గోటితో తడిమి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. తర్వాత పిల్లలందరి ముందూ చెప్పాను, ఆ రోజు నవ్వడం నాదే తప్పని. వాళ్ళకు ఏం అర్థమైందో కానీ, ఆ రోజు నవ్విన పిల్లే వాడి పక్కన చేరి, “ఇది ఎన్ని గాట్లు? నాకూ చూపీ,” అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి ఒక క్రేయాన్ ఆమెకిచ్చాడు. అలా మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవులు, బస్సులు, వాన, తాత మోపెడ్. ఆకాశానికి ఏ రంగైనా వేసేవాడు, నేను మాత్రం మొదట “ఇదేంది, చెప్పు” అని అడిగి తర్వాతే మాట్లాడేదాన్ని. ఇప్పటికీ ఏ పిల్ల కాగితం చూసినా ముందు ఆ మాటే అడుగుతాను.

ఒకటి రెండుసార్లు పిల్లవాడిని తీసుకెళ్ళడానికి వచ్చిన తాత గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మనవడు ఆయన చేతిలో క్రేయాన్ పెట్టాడు. ఆ పెద్ద వేళ్ళలో అది కనిపించకుండా పోయింది.

“ఏం గియ్యల్లరా?”

“ఏమన్నా గియ్యి తాతా. ఈడ ఎవురూ కొట్టరు.”

పిల్లవాడు ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు. అక్కడి టీచరు ధర్మపురి వైపు నుంచి వచ్చిన తమిళ అమ్మాయి, తెలుగు రాదు. మొన్న బస్సులో కలిసినప్పుడు ఆమే నాకు చెప్పింది. మొదటిరోజు రంగుల పెట్టెలు పంచుతుంటే ఒక పిల్లవాడు లేచి నిలబడి, తనకు వచ్చిన తమిళంలో అన్నాడట: “టీచర్, నాకూ మా తాతకూ ఎరుపూ పచ్చా ఒకే మాదిరి కనపడతాయి. ఏది ఏదో మీరు చెప్తే నేను బాగా వేస్తాను.”

“అంత చిన్నపిల్లవాడు, ఏ బెరుకూ లేకుండా ఎలా చెప్పాడండీ?” అని ఆమె ఆశ్చర్యపోయింది.