ఒకటో లాటు పేరు

అప్పట్లో నాకు పొగరెక్కువ. రెండువేల అయిదో ఆరో, గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీకి జావాలో ప్రోగ్రాము రాసిచ్చాను. రైతు తన బస్తాల మీద వేయించుకున్న ముద్ర చెబితే చాలు, అతని మిరప బస్తాలు ఏ చాంబరులో ఉన్నాయో బ్రౌజర్లో కనిపించేది, చీటీ అచ్చయ్యేది. నేనే అక్కడ కూర్చుని చూసుకునేదాన్ని. రోజూ పొద్దున్నే సర్వరు ఆన్ చేసి, అంతా సరిగ్గా ఉందో లేదోనని ఒకటో లాటు, అంటే మొట్టమొదట ఎక్కించిన రైతు సరుకు లెక్క, తెరిచేదాన్ని.

ఆ లాటు సత్తెనపల్లి వైపు రైతుది. ఒకటే బస్తా. తన చేలో చెట్టు చెట్టూ చూసి ఏరుకున్న విత్తనం కాయలు. బస్తా లోపల పెట్టించి వెళ్లిన వారానికే వడదెబ్బకు పోయాడు.

తర్వాత మొదలైంది. ఎవరెవరి చీటీల మీదో ఆయన పేరు. రోజూ కాదు, అందరికీ కాదు. ఎక్కువగా పొద్దున పూట వచ్చేవాళ్లకు. హమాలీలు ఒంటరిగా చాంబరులోకి వెళ్లడం మానేశారు. ఒకరోజు గుమాస్తా మానిటరుకు కుంకుమబొట్టు పెట్టి, "పోయినాయన తిరుగుతున్నాడండీ మేడంగారూ" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. పేరు గడి ఖాళీగా వదిలేస్తున్నది మీరే, సరిగ్గా నింపండని ఆయన్నే కసిరాను. ముద్ర ఉంటే పేరెందుకని అక్కడ చాలామందికి పేరు ఎక్కించేవారు కాదు. ఖాళీగా వదిలిన చోటికి పేరు ఎక్కణ్ణుంచి వస్తోందని ఆలోచించే బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు.

నారు పోసే రోజుల్లో ఆ పోయిన రైతు భార్య వచ్చింది. బస్తా ఇప్పించమంది. ఒకటో లాటు తెరిచాం. అది చూపించిన చాంబరులోకి వెళ్లి చూస్తే బస్తా లేదు.

హమాలీల మేస్త్రీని పిలిచి అడిగితే తెలిసింది. రెండు వారాల క్రితం పొద్దున్నే ఎవరో ఒక్క బస్తా కోసం వచ్చారట. చీటీ మీద ఆ పోయినాయన పేరుంది. కింద లాటు నంబరు వేరే. మేస్త్రీ నంబరు చూడలేదు, ఇంటివాళ్లే వచ్చారనుకుని, ఆయన బస్తా నాకు తెలీదా అని నేరుగా వెళ్లి తెచ్చి ఇచ్చేశాడు. తీసుకెళ్లినవాళ్లు మర్నాడే కారం పట్టించేశారు.

ప్రోగ్రాము తెరిచాను. లాటు అనే క్లాసులో, అంటే అన్ని లాట్లకూ మూసలాంటి భాగంలో, రైతు పేరు ముందు స్టాటిక్ అని ఉంది. నేను రాసిందే. అలా రాస్తే ఆ పేరు ఏ ఒక్క లాటుకూ సొంతం కాదు, క్లాసు మొత్తానికి ఒకటే. ఇంటిల్లిపాదికీ ఒకటే పలక పెట్టినట్టు. కొత్త పేరు వస్తే పాతది చెరుగుతుంది, ఖాళీ వస్తే పాతదే మిగిలిపోతుంది. సర్వరు ఆపేదాకా అది అలాగే ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆయన్ని ఆ పలక మీద రాస్తున్నది నేనే.

ఆ ఒక్క మాట కొట్టేశాను. ఇక ఏ లాటు పేరు ఆ లాటుదే. నిమిషం పట్టలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆమె అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. తప్పు నాదేనండీ అని, జరిగింది నాకు చేతనైనట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఇన్నాళ్లూ ఆయన అందరి చీటీల్లోనూ ఉన్నాడా అమ్మాయ్?"

"ఉన్నారండి."

"ఇప్పుడు తీసేశావా?"

తల ఊపాను. తీసేయకముందు ఒకసారి నాకు చెప్పాల్సింది అంది. ఆయన చీటీ ఒకటి ఇమ్మంది. అచ్చు తీసిచ్చాను. చదువు రాదు కాబట్టి పేరెక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. దాని కింద బస్తాలు సున్నా అని నేనే దిద్దిన సంగతి చెప్పలేదు. కాగితం మడిచి పమిట కొంగున ముడేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున సర్వరు ఆన్ చేసి, అలవాటుగా ఒకటో లాటు తెరిచాను. పేరు వచ్చింది. తర్వాత పేరు లేని లాటు ఒకటి తెరిచాను. పేరు గడి ఖాళీగా వచ్చింది. అదే కదా నాకు కావాల్సింది. అయినా ఆ ఖాళీ గడి చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.