హెచ్‌ఐవీ పరీక్ష దగ్గర నేను చెప్పిన పేరు

ఈ రోజు మా రైల్వే కాలనీ హాల్లో ఉచితంగా హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు. కౌన్సిలర్ మేడమ్‌కి తెలుగు రాదు. అందుకని ఇక్కడి మన తెలుగువాళ్లకు నన్ను చెప్పమన్నారు. మైకు పట్టుకుని అరగంట చెప్పాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని, ముందుగా తెలిస్తే మందులున్నాయని, వివరాలు ఎవరికీ చెప్పరని. చప్పట్లు కూడా కొట్టారు.

అందరికంటే ముందు నేనే వెళ్లి నిలబడ్డాను. బల్ల దగ్గర మేడమ్ పేరు అడిగేసరికి నా నోట్లోంచి "రమేశ్" అని వచ్చేసింది. నా వెనకే పక్క క్వార్టర్ పైడమ్మ పిన్ని ఉంది.

"అదేటి బాబూ, నువ్వు శీనువి కదా? రమేశెవడు?"

హాలంతా వినబడింది. మేడమ్ పెన్ను ఆపి నా వైపు చూసింది. తల దించుకుని అసలు పేరు చెప్పాను.

తరువాత పిన్ని కూర్చుని, "పైడమ్మ. లిఖో బేటీ," అని తన అసలు పేరే రాసుకోమని చెయ్యి చాపింది. నా వైపు తిరిగి మెల్లగా అంది: "నాకూ బయమే బాబూ. నువ్వు సెప్పావనే వచ్చినాను."

నా రిపోర్టు బాగానే వచ్చింది. కానీ వెనక్కి తిరిగి చూస్తే, ఇందాక క్యూలో నిలబడ్డ, నాతో రైల్వే షెడ్‌లో పనిచేసే ఇద్దరు లేరు. ఎప్పుడు జారుకున్నారో తెలియదు, ఎందుకో మాత్రం తెలుసు.

రేపు డ్యూటీలో వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఈసారి మైకు ఉండదు. మీరైతే ఏమని మొదలుపెడతారు?