మాది కాదన్న చేను

మా సర్వేయర్ సారు పోయిండట. మొన్న జూలూరుపాడు బస్టాండ్ కాడ, ఆయనెంట కొలత గొలుసు పట్టిన చైన్‌మన్ చెప్పిండు. ఖమ్మం దవాఖానాల రెండు రోజులే ఉన్నడట. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్తే, చేతిల చాట కింద పెట్టేసింది.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కం కాదు. మా గూడెం కింద బొగ్గు ఉన్నదని సర్కారు గని తవ్వబోయిన ఏడు, ఎవరి చేను ఎవరు దున్నుతున్నరో రాయనీకి వచ్చినాయన. ఆ కాగితంల పేరుంటేనే నష్టపరిహారం, బదులు భూమి. లేకుంటే ఉత్త చేతులతోని లేచిపోవుడే.

మరి మేం చేసిన పనేంది? ఆయన జీపు చప్పుడు వినంగనే అడవిల దాక్కున్నం! పోడు చేన్ల మీద కేసులు రాసే జంగ్లాతోళ్లు, అదే అటవీశాఖోళ్లు, జీపులనే వచ్చేటోళ్లు. దొరికితే "ఈ చేను మాది కాదు" అనాలె. చిన్నప్పటిసంది మాకు తెలిసింది గదే. ఆయన జాగల ఇంకొకరైతే ఖాళీ భూమి అని రాసుకొని చేతులు దులుపుకునేటోళ్లు.

ఆయన తెల్లారి జీపు లేకుండ, ఒక్కడే నడుచుకుంట వచ్చిండు. చప్పుడు లేదు గనక ఎవరం దాక్కోలే. మా గట్టు మీద కూసొని డబ్బా విప్పి తిన్నడు. మంచె దిగి నేనే నీళ్లిచ్చిన.

"ఈ జొన్న ఎవరిదమ్మా?" అని అమ్మను అడిగిండు.

"ఏమో సారూ, మాది కాదు" అంటనే అమ్మ వంగి, కాళ్ల కాడి కలుపు మొక్క పీకి గట్టవతల పారేసింది.

సారు పకపక నవ్విండు. "అవ్, నీది కాదు. మరి ఎవరి కలుపు తీస్తున్నవు తల్లీ?"

అమ్మకు కూడ నవ్వాగలే. పేరు చెప్పింది. అది చూసి పక్క చేన్లోళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చిన్రు. వారం తిరిగిండు మహానుభావుడు. ముందు పెన్సిల్‌తోని రాసేటోడు, ఇద్దరు పొరుగోళ్లతోని హద్దు చూపిచ్చుకున్నంకనే పెన్ను తీసేటోడు. "బొగ్గు సర్కారుదే. దాని మీద బతికేటోళ్లను చూసుకునే పని కూడ సర్కారుదే" అనేటోడు.

చేను పోయింది. అబద్ధమెందుకు, ఆ గని దిక్కు ఇప్పటికీ చూడబుద్ధి కాదు. కానీ బదులు భూమిల మేం పండిచ్చుకునే ప్రతి గింజా ఆ సారు పుణ్యమే.

అప్పట్ల, తవ్వకముందు, గని గురించి ఊరోళ్లను అడిగే సభల, పెద్దసార్లు "జల్దీ కానియ్యి" అంటున్నా ఆయన మా పేర్ల లిస్టు మొత్తం చదివిండు. పేరొచ్చినోళ్లు లేచి, దండం పెట్టి కూసుంటున్నరు. అమ్మ పేరు ఇంటిపేరుతో సహా మైకుల వినపడ్డది. సర్కారోళ్లు ఆమెను పేరు పెట్టి పిలుచుడు గదే మొదటిసారి. అమ్మ లేచి కొంగు సర్దుకున్నది. నేను చెయ్యి పట్టి గుంజినా, సభ అయిపోయేదాక కూసోలే.