ఖాలా గోడ మీది నంబరు

మొన్న మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, నేనిప్పుడు ఉంటున్న ఇంటి తలుపుకు నంబరు రేకు కొట్టి పోయారు. మొదటి సుత్తి దెబ్బకే నేను బయటికి ఉరికాను. నవ్వకండి, చెబుతాను, రాసుకోండి.

పెళ్ళై నేను కాపురానికి వచ్చిన చోటుకు పేరు లేదు. కిషన్‌బాగ్ దాటాక, మూసీ ఒడ్డున, పాలకూర, కొత్తిమీర మడుల మధ్య ఇరవై మట్టి ఇళ్ళు. పట్వారీనడిగితే అది పట్నంలోది అనేవాడు. మునిసిపాలిటీలో అడిగితే ఊళ్ళోది అనేవాళ్ళు. ఎవరికీ కాకపోవడమూ ఒక సుఖమేనని మా ఆయన నవ్వేవాడు. ఒకరోజు మగవాళ్ళు ఆకుకూర మోపులతో మార్కెట్‌కు పోయాక ఇద్దరు సర్కారు మనుషులు వచ్చి, ఏమీ చెప్పకుండా, ప్రతి గోడ మీదా ఎర్రరంగుతో అంకెలు వేసి పోయారు. అంతకుముందు ఎండాకాలమే ఏటికి ఎగువన గుడిసెలకు ఇలాగే గుర్తులు పెట్టి కూలగొట్టారు. మా అత్త కొంగు నడుముకు దోపి నా మీద అరిచింది.

"ఏం జూస్తున్నవే, పేడ కలుపు! మగోళ్ళు వచ్చెటాల్లకు ఒక్క నంబరు కనబడొద్దు."

పొద్దు వాలేలోపు పందొమ్మిది ఇళ్ళు అలికేశాం. పండుగకు కూడా అంత శ్రద్ధగా అలికింది లేదు. మిగిలింది పక్కింటి ముసలామె ఇల్లు. అందరం ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మా, అనేవాళ్ళం. ఆమెది సున్నం గోడ.

"నక్కో మా, వద్దు, నా సున్నం ఖరాబైతది. కూలగొడ్తే కూలగొట్టనీ," అంది.

"నీ సున్నం మీద మన్నువడ! నీతోని మేం గూడ పోతం," అని మా అత్త తిట్టిపోసింది.

నెలరోజులు, లారీ చప్పుడైతే చాలు, పిల్లలను ఎత్తుకుని బయటికి ఉరికేవాళ్ళం. లారీ రాలేదు; చిట్టా పట్టుకుని గుమాస్తా వచ్చాడు. గోడ మీద నంబరున్న ఇంటికే కాగితం రాసిస్తాడట, ఇల్లు కూలగొట్టకుండా ఆపే కాగితం.

"ఈడ ఒక్కటే ఇల్లున్నది గదమ్మా. తక్కినయి పశువుల కొట్టాలా?"

మా అత్త గోళ్ళతో గోడ గీకింది. రంగు కూడా పేడతోపాటే పెళ్ళలుగా రాలింది.

ఆ తర్వాత పదేళ్ళు రేషన్‌కైనా, బడికైనా అందరం ఖాలా నంబరే చెప్పుకున్నాం. "సబ్ మేరేచ్ ఘర్‌వాలే," అంతా నా ఇంటోళ్ళే, అనేది ఆమె, మా అత్త తిట్లు మరిచిపోయినట్టు. కాగితం ఆమె ఒక్కదాని పేరునే ఉంది; ఆమె దగ్గితే పందొమ్మిది ఇళ్ళు ఉలిక్కిపడేవి. వాన మొదలైతే మా గోడలు వదిలేసి ఆమె గోడకు తడకలు కట్టేవాళ్ళం. ఆమె పోయి ఏడాది తిరగకముందే లారీ వచ్చింది. మా ఆయన అది చూడకుండానే, అంతకుముందే కన్నుమూశాడు. ఇరవై ఇళ్ళు కూలడానికి ఒక్క పూట పట్టింది. ఆ పూట ఎప్పుడొస్తుందోనని భయపడుతూ గడిపిన పదేళ్ళనే ఇప్పుడు నేను నా కాపురం అని చెప్పుకుంటున్నాను.